సుంకులత్త వంతు

విశాఖ కార్తె, మూడో రోజు
మంచు: పలచన. తొట్టిలో నీళ్ళు: జానెడు. వంతు: కంబగిరి పెదనాన్న ఇల్లు.

మొయిలుకొండ మీద చేతి వంతులకు ఇదే ఆఖరి మంచుకాలం. పూర్వాషాఢ కార్తె వచ్చేసరికి మంచు పట్టి నీళ్ళిచ్చే మా వలలకు మోటార్లు బిగిస్తారు. తర్వాత వలలను ఎవరూ దువ్వనక్కర్లేదు. అవే విదిలించుకుని, నీళ్ళు దించుకుని, ఎంత వచ్చిందో కూడా అవే రాసుకుంటాయట. అందాకా రోజూ లెక్క రాసిపెట్టమని కొండ సంఘం నాకు చెప్పింది. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేను. ఈ పని నాకు ఇచ్చారని తెలిసిన రోజు మా నాన్న మద్దిలేటి పక్కింటికి పోయి, వాళ్ళు అడగకపోయినా చెప్పి వచ్చాడు.

మంచు, నీళ్ళు, వంతు రాస్తే చాలన్నారు. నేను ఇంకొంచెం రాస్తాను. మోటార్లకు తెలియనివి కొన్ని ఉంటాయి.

ఈరోజు పెదనాన్న చిన్న కోడలు పొద్దు పొడవకముందే పైకి పోయి వలలు దువ్వింది. చుక్కలు దోనెలో పడి, దోనె వెంట తొట్టిలోకి వచ్చాయి. మొదటి చెంబు పట్టుకుని ఆమె దోసిలిబండ మీద నిలబడింది. ఊరంతా ఒక్కొక్కరుగా పోయి చేతులు చాచాము. మనిషికి ఒక దోసిలి. వంతుమనిషి అందరి తర్వాత తాగాలి. ఆమె తాగితేనే ఊరి తూము తెరుస్తారు, అప్పుడే ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది. అందుకే ఎవరైనా ఆలస్యం చేస్తే ఊరు ఊరుకోదు, పేరు పెట్టి అరుస్తుంది. ఈరోజు పెదనాన్న మనవడు దుప్పటిలోంచి లేవలేదని ముప్పై ఇళ్ళవాళ్ళూ వాడి పేరు అరిచారు. చిన్నప్పుడు నేనూ అలా అరిపించుకున్నాను. మంచులో మన పేరు వినపడితే సిగ్గుగానూ ఉంటుంది, హాయిగానూ ఉంటుంది.

తూము తెరిచాక మా సుంకులత్త వచ్చింది. అప్పటికే చెంబు బండ మీద బోర్లించి ఉంది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అక్కా. రేపు రా," అంది కోడలు మర్యాదగానే.

అత్త కోసం ఎవరూ ఆగలేదు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

విశాఖ కార్తె, తొమ్మిదో రోజు
మంచు: చిక్కన. నీళ్ళు: మూరెడు. వంతు: చాకిరేవు మిట్ట ఇల్లు.

సుంకులత్త మా నాన్నకు అక్క. నన్ను కని అమ్మ పోతే పెంచింది ఆమే. కింద పట్నం ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళు ఉండి, మొన్న ఎండాకాలం, తాళ్ళ మీద కొండెక్కే తాడుబండిలో తిరిగి వచ్చింది. ఎడమ చెవి వెనక సెనగగింజంత యంత్రం పెట్టి పంపారు. అదే మందు లోపలికి వదులుతుంది. పని చేస్తున్నంతసేపు పచ్చగా మినుకుమంటుంది. మందు తగ్గితే పసుపు రంగుకు మారుతుంది. కార్తెకొకసారి నర్సమ్మ వచ్చి మందు నింపి పోతుంది.

నడికొండ బడిలో మాకు 'తిక్క' అనే మాట అనకూడదని నేర్పారు. అది జబ్బు, అందరు జబ్బు మనుషుల్లాగే వాళ్ళూ, అని పాఠం. పాఠం కొండ మీదికి కూడా వచ్చింది. ఇప్పుడు తిక్క అని ఎవరూ అనరు, గింజ అంటారు. పిల్లలు కొట్టుకుంటే తల్లులు, "గమ్మునుంటావా, గింజ పెట్టిచ్చేదా?" అంటారు.

మంచుకాలం మొదటి రోజు అత్త కూడా అందరితో వరుసలో నిలబడింది. ఆమె దగ్గరికి వచ్చేసరికి చెంబు పక్కకు తిరిగింది. "నీకు మందులు గదా అక్కా, సల్లనీళ్ళు పడవు," అన్నారు. నేను నా దోసిలి తాగకుండా ఆమె దగ్గరికి తెచ్చాను. నాలుగడుగులు వేసేలోపు చేతుల్లో తడి తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచి ఆమె కావాలనే ఆలస్యంగా వస్తోంది.

"ఎందుకత్తా?" అన్నాను.

"నిలబడితే ఏదో ఒక సాకు చెప్తారు. రాకపోతే పిలుస్తారేమో సూద్దామని."

"పిలవడం లేదు కదా."

"మంచుకాలం ఇంగా ఉంది లేమ్మే."

అనూరాధ కార్తె, రెండో రోజు
మంచు: పలచన. నీళ్ళు: జానెడు. వంతు: పాత గొల్లపాలెం ఇల్లు.

ఈరోజు వంతు చేసినవాడు మొన్న చనిపోయిన తన తండ్రి పేరున ఒక దోసిలి బండ మీద పోశాడు. మనిషి పోతే ఆ ఇంటి తర్వాతి వంతునాడు ఇలా పోస్తారు. పోసిన తర్వాత ఆ పేరు కోసం ఎవరూ ఆగరు, ఎవరూ పిలవరు. నీళ్ళు బండ మీద పారి పగుల్లోకి ఇంకుతుంటే అందరం చూస్తూ నిలబడ్డాము. ఆ ముసలాయన ఎప్పుడూ చివర వచ్చి తిట్లు తినేవాడు. ఆయన రాకుండానే తూము త్వరగా తెరిచారు. పొయ్యిలు త్వరగా వెలిగాయి. ఎవరికీ ఏమీ బాగా అనిపించలేదు.

సాయంత్రం అత్త నా తల దువ్వింది. నాకు పద్దెనిమిది దాటినా ఆ పని వదలదు. చిన్నప్పుడు ఆమె నా తలా, వలలూ ఒకేలా దువ్వేది. పైనుంచి కిందికి, చిక్కు తగిలినచోట ఆగి, వేళ్ళతో విడదీసి, మళ్ళీ కిందికి. అడ్డంగా దువ్వితే చుక్కలు గాలికి పోతాయి అని నా తల మీదే నేర్పింది. నాకు అంకెలు వచ్చింది కూడా అక్కడే. వల కన్నుల్లో చుక్కలు లెక్కపెట్టమనేది. నేను ఎక్కడ తప్పినా, "అది రాలిపోయిందిలే, దాని తర్వాతది చెప్పు," అనేది. బడికి పోయాక పంతులు అలా అనలేదు.

అప్పటి ఆమె నవ్వు పెద్దది. పై వలల దగ్గర నవ్వితే కింద తొట్టి దగ్గర వినపడేది. ఇప్పుడు నవ్వుతుంది కానీ చప్పుడు రాదు. మందు వల్ల అంటుంది నర్సమ్మ. ఆ నవ్వు కోసం నేను ఇప్పటికీ చెవి ఒగ్గుతుంటాను.

అనూరాధ కార్తె, పదో రోజు
మంచు: లేదు. నీళ్ళు: బెత్తెడు. వంతు: ఎవరిదైనా ఒకటే, దువ్వడానికి ఏమీ లేదు.

మంచు రాని రోజుల్లో ఆ పాత సంగతి ఊరికి గుర్తొస్తుంది. అదీ రాస్తాను.

నాకు పదేళ్ళు. అత్త చాలా రోజులుగా నిద్రపోవడం లేదు. వలల మీద చుక్కలు మాట్లాడుతున్నాయనేది. కింద ఎండిపోయిన ఊళ్ళలో మిగిలిపోయినవాళ్ళందరూ ఆ చుక్కల్లోంచి నీళ్ళు అడుగుతున్నారనేది. ఆ రోజు వంతు ఆమెది. దోసిలిబండ దగ్గరికి అందరం పోయేసరికి తొట్టి అడుగు తూము బార్లా తెరిచి ఉంది. తొట్టి కడగడానికి తప్ప ఆ తూము తెరవరు. ఊరి నీళ్ళన్నీ కొండవాలున కిందికి పోతున్నాయి. "కిందోళ్ళ నీళ్ళు కిందికి పోవాల," అంటూ ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే నవ్వుతోంది.

తర్వాత మంచు వచ్చేదాకా పిల్లలం వలలు నాకాము. పక్కింటి ఉరుకుందమ్మ అప్పుడు పసిబిడ్డ తల్లి, పాలు ఎండిపోయాయి. ఎవరూ చనిపోలేదు. కానీ ఆ బిడ్డ గొంతు పోయేలా ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది. ఆమె చెవిలో ఎంత ఉంటుందో. అందుకే ఉరుకుందమ్మ మా వాకిలి ముందు తల పక్కకు తిప్పి నడిస్తే నేను తప్పు పట్టలేను. తప్పు పట్టనూ లేను, చూసి ఊరుకోనూ లేను.

ఈరోజు సంగటి ముందు కూర్చుని అత్త అంది: "మద్దిలేటీ, మనింటి వంతు మూల కార్తెలో వస్తాంది గదా. ఈసారి నేను చేస్తా."

నాన్న ముద్ద మింగలేదు. "సలి ఎక్కువక్కా. నీకెందుకు?"

"మోటార్లు వచ్చినాక చేయమన్నా ఉండదు. ఒక్కసారి ఆ బండ మీద నిలబడి అందరికీ పోయాల. ఆ పొద్దు పారబోసింది నా చేతులే. ఇంగ ఈ చేతులు అదొక్కటే చేసినట్టా?"

"సంఘమోళ్ళు ఒప్పుకోరు."

"అడుగుదాం."

నాన్న లేచి చేయి కడుక్కున్నాడు. కంచంలో సంగటి సగం అలాగే ఉంది. మా ఇంట్లో ఎవరూ సంగటి వదిలేయరు.

జ్యేష్ఠ కార్తె, నాలుగో రోజు
మంచు: చిక్కన. నీళ్ళు: మూరెడు మీద జానెడు. వంతు: తాడుబండి తిప్పేవాళ్ళ ఇల్లు.

చినిగిన వలలు కుట్టే అరుగు మీద సంఘం కూర్చుంది. సంఘంలో పెద్ద కంబగిరి పెదనాన్న. అత్త తల మీద కొంగు కప్పుకోలేదు, చెవి వెనక పచ్చచుక్క అందరికీ కనపడేలా కూర్చుంది. అడగాల్సింది రెండు మాటల్లో అడిగింది.

"గింజ నడిమధ్యలో ఆగిపోతే?" అని ఒకాయన అన్నాడు.

"నీ గుండెకాయ ఆగిపోతే? వంతునాడు నిన్ను పైకి పోనీయడం లేదా?" అంది అత్త.

కొందరు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

"మందు పని చేస్తాందని సూపించాలంటే నేనేం చేయాల? కొండ ఎత్తాల్నా? మీ కోడండ్లు చేసే పనే నేనూ అడుగుతాండా," అంది.

పెదనాన్న వల కుడుతున్న సూది ఆపాడు. "సుంకులమ్మా, నీ మీద కోపం లేదు. నర్సమ్మ మాట మీద నమ్మకం ఉంది. సంగతి అది కాదు. నీ దోసిలి పోసేసినారు గదా తల్లీ. పోసినోళ్ళకు వంతు యాడుంటాది? తిరిగొచ్చినోళ్ళు ఇంతవరకు ఎవురూ లేరు. ఏం చేయాల్నో మాకూ తెల్దు."

అరుగు మీద ఎవరూ ఆశ్చర్యపోలేదు. తెలియనిది అత్తకూ నాకూ మాత్రమే.

"ఎవరు పోశారు?" అన్నాను.

పెదనాన్న నాన్న వైపు చూడలేదు. అరుగు మీద అందరూ వలలు చూస్తున్నారు. అందువల్లే నాకు తెలిసింది.

జ్యేష్ఠ కార్తె, ఐదో రోజు
మంచు: చిక్కన. నీళ్ళు: సరిగా కొలవలేదు. వంతు: అడగలేదు.

నాన్న రాత్రి అన్నం దగ్గర చెప్పని మాట పొద్దున పశువుల కొట్టం దగ్గర చెప్పాడు, నా ముఖం చూడకుండా.

అత్త పోయిన రెండో ఏడు. తాడుబండి తెగి చాలాకాలం కిందినుంచి కబురు లేదు. నడికొండ బడి పంతులు పిల్లలను ఎంచుకోవడానికి పైకి వచ్చాడు. అలాంటి జబ్బు మనిషి ఉన్న ఇంటి పిల్లలకు హాస్టల్లో చోటు లేదనేది అప్పటి పద్ధతి. మిగతా పిల్లలు భయపడతారట.

"ఇంట్లో ఎంతమందని అడిగినాడు. ఇద్దరమే అని చెప్పినా. మరి అక్క అని ఎవురో గొణిగినారు. ఆయప్ప నా దిక్కు సూసినాడు. మర్నాడు మనింటి వంతు. బండ మీద పోసేసినా. ఊరంతా సూసినాది, ఎవురూ మాట్లాడలేదు. నిన్ను బడికి తీస్కపోయినాడు."

ఆ రోజు నేను నా దోసిలి తాగి ఆ బండ దగ్గర ఆగలేదు. ఇంటికి వచ్చి, బడికి పోవడానికి పాత గౌను ఉతుక్కుంటున్నాను. సబ్బు నురుగు చూసి సంబరపడ్డ సంగతి కూడా గుర్తుంది.

ఎవరికి కోపం రావాలో నాకు తెలియడం లేదు. ఈ పుటలో నేను రాస్తున్న ప్రతి అక్షరం ఆ దోసిలిలోంచే వచ్చింది.

లోపలికి పోతే అత్త రాగిపిండి జల్లెడ పడుతోంది. అంతా విన్నది. కొట్టానికీ వంటింటికీ మధ్య గోడ తడకే.

"నన్ను పోసి నిన్ను సదివిచ్చినాడు. ఆ నీళ్ళు వృథా పోలేదు," అంది.

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్తే పోయేదానివా?"

నేను చాట అంచున పడ్డ పిండి దగ్గరకు తోశాను.

"మంచిపనే చేసినాడు. కానీ సూడు," అని జల్లెడ కింద పెట్టింది. "చచ్చినోళ్ళకు ఒక సుఖం ఉండాల. ఎవురూ పని చెప్పకూడదు. నాకది కూడా ల్యాకపాయె. పొద్దున్నే లేస్తే సంగటి నేనే కెలకాల."

నేను ఏడ్చాను, నవ్వాను. ఆమె నా తల మీద పిండి చేయి పెట్టింది.

జ్యేష్ఠ కార్తె, పన్నెండో రోజు
మంచు: మధ్యస్థం. నీళ్ళు: మూరెడు. వంతు: ఉప్పరిమిట్ట ఇల్లు.

మోటార్ల పెట్టెలు తాడుబండిలో వచ్చాయి. పిల్లలు వాటి మీద ఎక్కి దూకుతున్నారు. వల దువ్వెనలు ఏం చేయాలని అడిగితే, పొయ్యిలో పెట్టుకోండి అన్నాడు మోటార్ల మనిషి. ఒక్కో ఇంటి దువ్వెనకు మూడు తరాల చేతుల నునుపు ఉంది.

తూము దగ్గర ఉరుకుందమ్మను పట్టుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, నచ్చజెప్పగలననుకున్నాను. అది జబ్బు, షుగరూ బీపీ లాంటిదే, అని మొదలుపెట్టాను.

ఆమె కడవ నిండేదాకా విన్నది. "నీకు తెలిసినంత నాకు తెల్దు పాపా. షుగరున్నోళ్ళు నా బిడ్డ నోట్లో నీళ్ళు తీసేయలేదు. నాకు అదొక్కటే తెలుసు."

"అది ఆమె చేయలేదు. జబ్బు చేసింది."

"జబ్బుకు నేను దండం పెట్టాల్నా, తిట్టాల్నా? తిట్టేదానికి దానికి మొగం ల్యాదు. ఈయమ్మకుంది." కడవ చంకకెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. "మీయత్త మంచిదని నాకు తెల్దా? నా కాన్పుకు మంత్రసాని రాకముందు వచ్చింది ఆమే. అందుకే ఇంగా ఎక్కువ మండుతాది."

బడిలో ఈ పాఠం లేదు.

మూల కార్తె, పదకొండో రోజు
మంచు: చిక్కన. నీళ్ళు: మూరెడు మీద బెత్తెడు. వంతు: కంసాలి ఇల్లు. రేపు మాది.

వంతు ముందురోజు నాన్న దువ్వెనకు ఆముదం రాస్తాడు. వాకిలి పైన చూరులోంచి తీసి, గుడ్డతో ఒక్కో పన్నూ తుడిచి రాస్తాడు. చిన్నప్పుడు ఆ వాసన వస్తే రేపు మా వంతు అని తెలిసేది. రాసిన దువ్వెన తన మంచం పక్కన పెట్టుకుంటాడు. ఈరోజు అత్త మంచం పక్కన పెట్టాడు.

తర్వాత కండువా వేసుకుని పెదనాన్న ఇంటికి పోయాడు. నేను వెనకే పోయాను.

"అన్నా, రేపు మా అక్క పోతాది పైకి."

"దోసిలి పోసినావు గదరా."

"పోసినా. తప్పు నాది. చచ్చినామె దినామూ నాకు సంగటి పెడతాంది. నేను తింటాండా. ఎట్ల కుదుర్తాది అది?"

పెదనాన్న గోడకు ఆనుకున్నాడు. "చేయమను. మీ ఇల్లు, మీ వంతు. అడ్డం పడం. కానీ మద్దిలేటీ, తాగమని నేనెవురికీ చెప్పలేను. ఒక్కరు రాకపోయినా ఆమె తాగకూడదు, తూము తెరవకూడదు. ఊరు ఎండుకుంటాది. మళ్ళీ ఆమె పేరే చెప్పుకుంటారు."

తిరిగి వస్తూ నాన్న ఒక్క మాటే అన్నాడు. "నిజమే చెప్పినాడు."

మూల కార్తె, పన్నెండో రోజు
మంచు: చాలా చిక్కన. నీళ్ళు: రెండు మూరలు. వంతు: సుంకులమ్మ.

అత్తతో పైకి నేను పోయాను. తెలతెలవారుతోంది. ముందు నడుస్తున్న ఆమె కనపడలేదు, చెవి వెనక పచ్చచుక్క మాత్రం కనపడింది. వలలు బరువుగా వేలాడుతున్నాయి. ఆమె దువ్వెన ఎత్తి పైనుంచి కిందికి లాగింది. చిక్కు దగ్గర ఆగింది. వేళ్ళతో విడదీసింది. మళ్ళీ కిందికి. దోనెలో నీళ్ళు పరుగెత్తాయి. నేను చిన్నపిల్లలా చుక్కలు లెక్కపెట్టబోయి తప్పాను.

"అది రాలిపోయిందిలే," అంది, వెనక్కి చూడకుండా.

ఆమె బండ మీద నిలబడింది, చెంబు రెండు చేతులతో పట్టుకుని. నేనే మొదట పోయాను. తర్వాత కొంతసేపు ఎవరూ రాలేదు. మంచు వెనక మనుషులు ఉన్నారని దగ్గుల వల్ల తెలుస్తోంది. పెదనాన్న కర్ర పొడుచుకుంటూ వచ్చి చేతులు చాచాడు. తాగి మూతి తుడుచుకుని, "సల్లగుండాయి," అన్నాడు ఊరంతటికీ వినపడేలా. ఆయన కోడళ్ళు వచ్చారు. చల్లనీళ్ళు పడవని చెప్పినామె వచ్చి తల వంచుకుని తాగింది. ఒక్కో ఇల్లు కదిలింది. కొందరు నీళ్ళు పెదాలకు ఆనించి వదిలేశారు. చూశాను. అత్త కూడా చూసింది, తర్వాతి మనిషికి చెంబు వంచింది.

పొద్దెక్కింది. మంచు విడిపోయి తొట్టి కనపడింది. ఉరుకుందమ్మ ఇల్లు రాలేదు.

"తూము తెరువు సుంకులక్కా, పిల్లోళ్ళు బడికి పోవాల," అని ఎవరో అన్నారు.

"అందరూ రాలేదు."

"రానోళ్ళని ఇడిసిపెట్టు."

"ఒకసారి ఎవుర్నీ అడక్కుండా తెరిచినా. ఇయ్యాల అందరూ వచ్చినాకనే."

జనం ఉరుకుందమ్మ పేరు అరవడం మొదలుపెట్టారు. ఆమె తలుపు తెరుచుకుని, కూతురి చేయి పట్టుకుని ఎవరి మీదికో కొట్లాటకు వచ్చినట్టు వచ్చింది. అప్పుడు గొంతు పోయేలా ఏడ్చిన బిడ్డే, ఇప్పుడు అమ్మ భుజం దాకా వచ్చింది.

"పొయ్యి మీద ఎసరు ల్యాక వచ్చినా. నీ మీద ప్రేమతో కాదు," అంది.

"నీళ్ళకే గదా ఎవురైనా వచ్చేది," అంది అత్త. ముందు బిడ్డకు పోసింది. బిడ్డ తాగేదాకా ఉరుకుందమ్మ దాని గొంతు కదలడమే చూస్తూ ఉంది. తర్వాత తన చేతులు చాచింది. తాగింది. పక్కకు జరిగి నిలబడింది. వెళ్ళిపోలేదు.

ఇక అందరూ అయ్యారనుకున్నాను. అత్త మాత్రం చెంబు దించలేదు. జనంలోకి వెతుకుతోంది.

"ఇంగొకరు రావాల," అంది.

అప్పుడు చూశాను. నాన్న తొట్టి గోడ అవతల కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. ఊరంతా తాగింది. నాన్న తాగలేదు. పోసిన చేతులను ఆమె ముందు ఎట్లా చాచాలో ఆయనకు తెలియలేదు.

వంతుమనిషి బండ దిగకూడదు. అత్త అక్కడినుంచే పిలిచింది.

"మద్దిగా."

ఆ పేరుతో నాన్నను పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ళిద్దరూ పిల్లలుగా ఉన్నప్పటి పేరేమో. కొండ మీద ముసలివాళ్ళు ఒకరిద్దరు ఉలిక్కిపడి చూశారు.

"ఒరే మద్దిగా. నా చేతులు గుంజుతాండాయి. ఎంతసేపని నిలబడేది?"

నాన్న లేచి వచ్చాడు. దోసిలి పట్టాడు. వేళ్ళు ఎడంగా ఉండి, పోసిన నీళ్ళు పోసినట్టే కారి బండ మీద పడ్డాయి. ఆ మరక చూసి ఆయన చేతులు వెనక్కి తీసుకోబోయాడు.

"వేళ్ళు దగ్గిరికి పెట్టరా. చిన్నప్పట్నుంచీ చెప్తానే ఉండా, వేళ్ళ సందులో అన్నీ పోగొడతావని," అంది. చెంబు చంకలో పెట్టుకుని, తన చేత్తో ఆయన వేళ్ళు ఒక్కొక్కటి దగ్గరకు నొక్కింది. మళ్ళీ పోసింది. ఈసారి నిలిచాయి. తాగాడు.

చివరి దోసిలి వంతుమనిషికి ఆ ఇంటివాళ్ళు పోయాలి. నేను పోశాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె ఆ బండ మీద నీళ్ళు తాగింది. తూము తెరిచింది. ఊరి తూము.

మూల కార్తె, ఆఖరి రోజు
మంచు: మధ్యస్థం. నీళ్ళు: మూరెడు. వంతు: ఉరుకుందమ్మ ఇల్లు.

చేతి వంతుల్లో ఇదే ఆఖరిది. రేపు మోటార్లు తిరుగుతాయి. వాటి లెక్కలో మంచు ఉంటుంది, నీళ్ళు ఉంటాయి. వంతు అనే గడి లేదని మోటార్ల మనిషి చెప్పాడు.

అత్త భుజాలు వంతునాటినుంచి పట్టేసి ఉన్నాయి. ఈరోజు లేవలేదు. "నువ్వు పోయి తాగిరా, నేను పడుకుంటా," అంది. నేను తాగి వచ్చి దువ్వెన తుడిచి చూరులో పెడుతున్నాను. దాన్ని పొయ్యిలో పెట్టేది లేదు.

ఎంతకీ తూము చప్పుడు వినపడలేదు. బయట జనం గొణుగుడు పెరిగింది. అప్పుడు మంచులోంచి ఉరుకుందమ్మ గొంతు వచ్చింది, విసుగుతో, ఊరు ఊరంతా వినపడేలా.

"సుంకులక్కా. ఏయ్ సుంకులక్కా. ఈ చెంబు పట్టుకోని ఎంతసేపు నిలబడాల నేను? ఊరి పొయ్యిలన్నీ నీ కోసం ఆగినాయి. వస్తావా, రావా?"

అత్త మంచం మీద లేచి కూర్చుంది. చెవి వెనక పచ్చచుక్క కొంగులోంచి కనపడుతోంది. కదలలేదు.

"అత్తా, పిలుస్తున్నారు," అన్నాను.

"వినపడిందిలే," అంది. "ఇంగోసారి పిలవనీ."